అడవికి ఏ రోజు

"చెట్లు చూడటానికి బండి మాట్లాడుకుని మరీ పోతారా ఎవరైనా?" అన్నాడు ఎస్సుమాన్, పావులాట బల్ల మీదినుంచి తలెత్తకుండానే. ఎదురుగా కూర్చున్న పొరుగింటాయన నవ్వాడు. అతని భార్య మాన్సా ఆ సమయంలో చేపలకు పొగబెట్టే పొయ్యి మీది జాలీ చట్రాలను ఒక్కొక్కటిగా ఎత్తి, అడుగుది పైకీ పైది అడుగుకీ మారుస్తోంది. మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, చేపల బరువంతా మోచేతుల మీదికి తీసుకోవడం ఇన్నేళ్ళ కాపురంలో ఒంటికి పట్టిన విద్య. ఆ పనిలో ఉండగా ఎవరేమన్నా ఆమె నోరు తెరవదు. తెరిస్తే పొగ లోపలికి పోతుంది. ఆ మౌనాన్ని వినయంగా లెక్కకట్టే అలవాటు ఆ ఇంట్లో అలా ఏర్పడింది.

అది మంగళవారం. వాళ్ళ ఊరు మోరీ రేవులో మంగళవారం ఏ పడవా నీళ్ళలో దిగదు. ఆ రోజు సముద్రుడికి విశ్రాంతి. తాతల నాటి కట్టుబాటు. పడవలు ఇసుకలో ఒరిగి ఉంటాయి. మగవాళ్ళు చిరిగిన వలలకు నాలుగు కుట్లు వేసి, నీడకు చేరి, పావులు జరుపుకుంటూ పొద్దు గడుపుతారు. సోమవారం సాయంత్రం ఒడ్డున పడ్డ చేప మాత్రం మంగళవారమని ఆగదు. దాన్ని కడగాలి, పేర్చాలి, మంట తగ్గించి పొగ పెంచి, పొగ తగ్గించి మంట పెంచి, మాడకుండా కుళ్ళకుండా కాపాడాలి. పైగా ఆ రోజు మధ్యాహ్నం వేడిగా తినడానికి మనిషి ఇంట్లో ఉంటాడు. వారంలో అన్నిటికంటే బరువైన రోజు ఏదని ఎవరైనా అడిగితే మాన్సా తడుముకోకుండా చెప్పేది. ఎవరూ అడగలేదు.

ఎస్సుమాన్ చెడ్డవాడు కాడు. చెయ్యి చేసుకోడు, తాగి రాడు. ఊరంతా ఈ రెండు మాటలే చెప్పి ఆమెను అదృష్టవంతురాలిని చేసింది. ఒకసారి అక్క మనవరాలికి పేరు పెట్టే వేడుకకి వెళ్తానంటే, "వెళ్ళు, ఎవరొద్దన్నారు," అన్నాడు. ఆ ఒక్క పూట వెళ్ళడం కోసం ఆమె ముందు రోజే రెండు రోజుల చాకిరీ చేసింది: పులిసిన మొక్కజొన్న పిండితో కెంకె ముద్దలు ఉడికించి ఆకుల్లో చుట్టింది, మిరపకారం నూరింది, కట్టెలు చీల్చి పొయ్యి పక్కన పేర్చింది. వేడుకలో కూర్చుని కునికిపాట్లు పడింది. తిరిగొచ్చాక అత్త ఎదురొచ్చి, ఎప్పటిలాగే మనవడి పేరుతో పిలుస్తూ, "నువ్వు లేవన్న లోటే తెలియలేదే, కోజో అమ్మా," అంది. మెచ్చుకోలుగానే అంది. ఆ మెచ్చుకోలు మాన్సాకు చాలాకాలం గొంతులో చేపముల్లులా మిగిలిపోయింది.

కాకుమ్ అడవి అక్కడికి గంట ప్రయాణం. తెల్లవాళ్ళతోనూ బడిపిల్లలతోనూ నిండిన బస్సులు కూడలి దగ్గర ఉత్తరానికి మళ్ళడం ఆమె ఏళ్ళ తరబడి చూస్తోంది. అడవి గురించి ఆమెకు తెలిసిందల్లా లారీల మీద వచ్చి వాకిట్లో పడే కట్టెలు. ఎసా కట్టె నిదానంగా కాలి చేపకు మంచి రంగు తెస్తుందని తెలుసు. పాలు కారే మరో కట్టె పొగ కళ్ళను కోసేస్తుందని తెలుసు. అవి ప్రాణంతో నిలబడి, ఆకులతో ఎలా ఉంటాయో తెలియదు. చెట్ల కొసల మధ్య తాళ్ళతో వంతెన కట్టారనీ, దాని మీద నడిస్తే కింద నేల కనిపించనంత పచ్చగా ఉంటుందనీ ఎవరో చెప్పగా విన్నప్పటినుంచి ఆమె మనసు అక్కడే తచ్చాడింది. వంతెన ఎక్కకపోయినా ఫర్వాలేదు. ఏదీ కాలని చోట కాసేపు కూర్చుని గుండెనిండా గాలి పీల్చుకుంటే చాలు.

కోరిక ఆమె ఒక్కదానిదే కాదు. ఆ వీధిలో చేపలకు పొగబెట్టే ఆడవాళ్ళందరూ చాలాకాలంగా అనుకుంటున్నదే. గురువారం సాయంత్రం అందరికంటే పెద్దదైన అఫెర్బా వాకిట్లో చేపలు సైజుల వారీగా వేరు చేస్తూ ఆ మాటే తీశారు. ఏ రోజు వెళ్ళాలన్న దగ్గర అది ఎప్పటిలాగే ఆగిపోయింది.

"శనివారం?"

"శనివారం చావులు. మట్టి చేసేవన్నీ ఆ రోజే."

"వారం వారం ఎవరో ఒకరు చావాలా ఏం?"

"చచ్చి నెలైందిలే. మట్టి చేసేది ఈ శనివారం. నల్లగుడ్డ తీసి పెట్టుకున్నా."

"పోనీ ఆదివారం."

"పాటల బృందంలో నువ్వు లేకపోతే దేవుడు పట్టించుకోడేమో గానీ పాస్టరు గారు పట్టించుకుంటారు," అంది మాన్సా స్నేహితురాలు అరాబా. "గురు శుక్రాలు సంత. బుధవారం సంగతి చెప్పక్కర్లేదు, ఒక రోజు ఊరుకున్న సముద్రం మన నడుములు విరగ్గొడుతుంది. సోమవారం ఒడ్డున నిలబడకపోతే చేపలు ఇంకొకళ్ళ గంపలోకి పోతాయి. అయిపోయాయి రోజులు. దేవుడు ఎనిమిదోది చేస్తే చెప్పండి, నేను రెడీ."

"మంగళవారం," అంది మాన్సా.

"మంగళవారం మొగుళ్ళు ఇంట్లో ఉంటారు కదే, పిచ్చిదానా."

"అందుకే."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. చేతిలో చేపను గంపలో వేసి, నెమ్మదిగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది: "మిగతా రోజుల్లో మనం పోతే ఇంట్లో ఎవరుంటారు? ఎవరూ ఉండరు. మంగళవారం ఇంకో పెద్ద మనిషి ఉంటాడు. రెండు కళ్ళూ రెండు చేతులూ పెట్టుకుని, ఖాళీగా. ఆ ఒక్క రోజే కదల్లేమని ఇన్నాళ్ళూ మనమే అనుకున్నాం."

 అరాబా పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "సరే, మంగళవారమే. కానీ ఆ తాళ్ళ వంతెన నన్ను మోస్తుందంటావా?"

"నువ్వు మీ ఆయన్ని మోయట్లా?" అంది అఫెర్బా. నవ్వులు తగ్గాక మాన్సా వైపు తిరిగింది. "బండి నేను మాట్లాడతా. కానీ ఒకటి, తల్లీ. మంగళవారమన్న మాట నువ్వు తీశావు కాబట్టి ముందు నువ్వు కదలాలి. నువ్వు ఆగిపోయావో, ప్రతి ఇంట్లోనూ 'ఎస్సుమాన్ పెళ్ళామే పోవట్లేదు, నీకేం తొందర' అంటారు. ఇంక మన జన్మలో ఈ ప్రయాణం లేదు."

శుక్రవారమంతా మాన్సా ఆ మాటను ఎలా చెప్పాలా అని మనసులో కూర్చుకుంటూనే ఉంది. ఎన్ని రకాలుగా కూర్చినా ప్రతి వాక్యమూ 'నువ్వు సరేనంటే' అనే మొదలైంది. రాత్రి అన్నాల దగ్గర, అతను చేయి కడుక్కుంటుండగా, ఆ మొదలు ఎక్కడో జారిపోయి మిగతాది బయటికి వచ్చింది. "మంగళవారం మేం కాకుమ్ పోతున్నాం, కోజో నాన్నా."

"ఏంటి, కోతుల్ని చూడటానికా? మన రేవులో కుర్రాళ్ళు చాలరా?"

"వాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాంగా."

"పోదువులే," అన్నాడతను, చందమామ కావాలన్న పిల్లకు చెప్పినట్టు. ఆ 'లే' అర్థం ఆమెకు తెలుసు. వద్దని చెప్పి చెడ్డవాడు కావడమెందుకు, సోమవారం సముద్రమే చెబుతుంది. అయినా పక్క మీద వాలాక ఆమెకు ఒక విషయం తట్టింది: తాను అడగలేదు, చెప్పింది.

సముద్రం సోమవారం నిజంగానే చెప్పింది. ఆ కాలానికి అంత చేప ఎవరూ ఎదురుచూడలేదు. పడవలు అంచుదాకా మునిగి వచ్చాయి. సన్నటి వెండి చేపలు వాకిలంతా పరుచుకుని, పొయ్యిలన్నీ నిండి, ఇంకా గంపల్లో మిగిలాయి. మాన్సా, అత్తా పొద్దుగూకే దాకా కడిగి పేర్చారు. ఎస్సుమాన్ గడపలో కూర్చుని సంతృప్తిగా చూశాడు. "అడవి ఎక్కడికీ పారిపోదులే, మాన్సా. వచ్చే నెల చూసుకోవచ్చు."

"బండి వచ్చేది రేపు పొద్దున్నే. ఇవాళ్టి మంట నేను పెట్టాను. రేపు చట్రాలు తిప్పేది నువ్వు."

"నేనా? మగాడు పొయ్యి దగ్గర నిలబడితే ఊరేమంటుంది?"

"రేపు ఊరికి కూడా సెలవే. ఏదో ఒకటి అనుకుని పొద్దుపుచ్చుతారు."

అప్పుడు అత్త కల్పించుకుంది. "మీరెందుకు పోట్లాడుకుంటారు? నేను తిప్పుతాలే. నాకేం పని." అంటూ నడుము పట్టుకుని, గోడ ఆసరాగా లేచింది. ఎస్సుమాన్ మొహం తేటపడింది. సమస్య తీరిపోయిందన్నట్టు కాళ్ళు చాపుకున్నాడు.

 తన సెలవు దారిలో ఎక్కడ ఆగిందో మాన్సాకు కనిపించింది. అతని దాకా పోకుండా, వంగిన నడుము మీద ఆగింది. రేపు తాను చెట్ల కింద గాలి పీలుస్తుంటే ఈ ముసలి ఊపిరితిత్తులు తన వంతు పొగ కూడా పీలుస్తాయి. తిరిగొచ్చాక ఇతను 'ఏ లోటూ తెలియలేదు' అంటాడు. ఒక ఆడది వెళ్ళి ఇంకో ఆడది మిగిలితే ఆ ఇంట్లో ఎవరూ వెళ్ళనట్టే. ఈ ప్రయాణంలో తాను కట్టుకున్న లెక్కలో ఒక్క మనిషి తక్కువైంది.

"అత్తా, నువ్వూ రా."

"నేనా? ఎక్కడికే?"

"అడవికి. బండిలో చోటుంది."

"నాకెందుకే చెట్లు, ఈ వయసులో?" ముసలావిడ కొడుకు వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది. గొంతు తగ్గించి అడిగింది: "చాలా నడవాలా?"

"నడవక్కర్లేదు. ద్వారం దగ్గర బల్లలున్నాయట. కూర్చోవచ్చు."

"కూర్చుని ఏం చేయాలి?"

"ఏమీ చేయక్కర్లేదు."

 "అయితే ఆ నీలం గుడ్డ తీస్తా," అంది అత్త. "అది కట్టుకుని ఎన్నేళ్ళయిందో."

ఎస్సుమాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అమ్మ ఉండదన్న సంగతి అతని మొహంలోకి నెమ్మదిగా, కెరటం పాదాల మీదికి వచ్చినట్టు వచ్చింది. "మరి రేపు తిండి?" అన్నాడు.

"వాకిలినిండా చేపే కదా."

ఆ రాత్రికి మాన్సా కెంకె ఉడికించలేదు, కారం నూరలేదు. ఆ సంగతి గుర్తొచ్చి చేతులు ఒకసారి రోలు వైపు కదిలాయి. వాటిని తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. వీధిలో అరాబా గొంతు వాళ్ళాయనకు చట్రం ఎలా పట్టుకోవాలో గట్టిగా చెబుతోంది, ఎవరో నవ్వుతున్నారు. వాకిట్లో బల్ల మీద అత్తా కోడలూ పక్కపక్కన కూర్చున్నారు. ఏ పనీ చేతిలో లేకుండా అలా కూర్చోవడం వాళ్ళకు ఇదే మొదటిసారి కావడంతో, మొదట్లో ఇద్దరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత తెలిసింది.

రేపటికి అలవాటు చేసుకుందామని పొయ్యిల పాకలోకి వెళ్ళిన ఎస్సుమాన్ దగ్గు వినిపించింది, ఆ వెనకే ప్రశ్న. "ఇవి కాలాయో లేదో ఎలా తెలుస్తుందే?"

అత్త అలవాటుగా సగం లేచింది.

"దగ్గరికి వెళ్ళి చూడు," అంది మాన్సా, కూర్చున్న చోటినుంచే.

అత్త మళ్ళీ కూర్చుంది.