పొట్ట కింద నీడ

పాలక్క మణికట్టు మీద ఒక చుక్క, నాలుక మీద ఒక చుక్క వేసుకుంది. వేడి సరిపోయింది, తీపి చాలలేదు. గ్లూకోజు డబ్బా మూత తీసి చెంచాడు వేసి, గరిటెతో అడుగంటా తిప్పి మళ్ళీ రుచి చూసింది. ఈసారి తల ఊపింది. వెన్నంతా తీసేసిన ఆ పాలు నీళ్ళంత పలచగా ఉన్నాయి. ఖడ్గమృగం తల్లి పాలు అలాగే ఉంటాయట. కొండలాంటి జంతువుకి పాలు ఇంత పలచనా అని మొదటిసారి విన్నప్పుడు ఆమె నమ్మలేదు.

"అక్కా, పొద్దున్నే ఎవరి పాలు తాగావు?" అని కిటికీ అవతల నుంచి వంటాయన అడిగాడు. జూలో ఉన్న జంతువులన్నిటికీ తిండి తయారుచేసే మనిషి అతను. చేతిలో కత్తి, ముందు క్యారెట్ల గుట్ట.

"నీకెందుకు? నీ వాటా కోతిపిల్ల తాగేసింది."

"అన్ని జాతుల పాలూ ఒంటపట్టించుకుంటున్నావు. ఏదో ఒకరోజు తోక మొలుస్తుంది చూసుకో."

"మొలవనీ. మొదటి దెబ్బ నీ వీపు మీదే."

ఆసుపత్రికీ వంటశాలకీ మధ్య ఇరికించి కట్టిన గది అది. రెండు పొయ్యిలు, కాళ్ళు తుప్పు పట్టిన ఫ్రిజ్, ఒక్క కిటికీ. గోడకు కొట్టిన చెక్క మీద సీసాలు తలకిందులుగా ఆరుతుంటాయి. ఒక చివర ఏనుగుపిల్ల కోసం కొన్న పెద్ద డబ్బా, ఇంకో చివర ఉడతపిల్లకు పట్టే చుక్కల మందు గొట్టం. జూలో తల్లి చచ్చిపోయినా, తల్లి దగ్గరికి రానివ్వకపోయినా ఆ పిల్ల ఈ గదికి వస్తుంది. పాలక్క పొట్టి మనిషి. మణికట్లు మాత్రం మగవాళ్ళ మణికట్లంత లావు. ముంజేతుల నిండా సన్నటి తెల్ల గీతలు. ఏ గీత ఏ గోరు గీసిందో ఆమెకే గుర్తు లేదు. అందులో ఒకటి మాత్రం చిరుతపిల్లదని గర్వంగా చూపిస్తుంది.

అసలు పేరు జీతాల గదిలో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెను కనగానే తల్లి పోయింది. పెద్దమ్మ ఒక మేకను కట్టేసి, దాని పాలతో పెంచింది. ఊళ్ళో పిల్లలు మేకపిల్లా అని ఏడిపిస్తే మెడ వంచి కుమ్మబోయేదట. పెళ్ళయ్యాక బోన్ల కమ్మీలు అతికే భర్తతో ఈ జూకి వచ్చింది. మొదట ఊడ్చే పని. కడుపులో పడిన ఇద్దరూ నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి, తల్లి వదిలేసిన ఎలుగుపిల్లను ఎవరో ఆమె ఒళ్ళో పెట్టి పాలసీసా చేతికిచ్చారు. ఎందుకిచ్చారో వాళ్ళూ చెప్పలేదు, ఆమే అడగలేదు. భర్త పోయి చాలాకాలమైంది. మిషను కుట్టే ఆడపడుచూ ఆమే ఒక ఇంట్లో ఉంటారు.

ఈ పొద్దున ముందు చిన్నవాళ్ళ పని చూసింది. గబ్బిలం పిల్లను గుడ్డలో చుట్టి కమ్మీకి తలకిందులుగా వేలాడదీసి, పాలలో ముంచిన స్పాంజి ముక్కను నోటికందించింది. అది కళ్ళు మూసుకుని చప్పరించింది. ఎగిరే జంతువు పాలు తాగుతుందని ఆడపడుచు ఇప్పటికీ ఒప్పుకోదు. ఎలుగుపిల్ల తాగుతూ తేనెటీగల గూడులా జుమ్మంటూ మోగింది. పాలక్క దాని ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ తనూ జుమ్మంది. ఆమె పట్టే పద్ధతే అది. ఎదురుగా కూర్చోవాలి, మొహం చూపించాలి, మాట్లాడాలి. ఎలుగులకూ కోతులకూ చిరుతలకూ అది బాగా కుదిరింది.

ఖడ్గమృగం పిల్లకే కుదరలేదు.

తల్లి మొన్న చచ్చిపోయింది. ఈ జూలో ఆ జాతిది ఇంకొకటి లేదు. దూరాన ఒక రక్షణ కేంద్రంలో దాని జాతివాళ్ళు చాలామంది ఉన్నారు. తల్లీపిల్లలిద్దర్నీ తీసుకుపోవడానికి ఏర్పాటు చేసిన లారీ ఈ మధ్యాహ్నమే వస్తోంది. పిల్ల తాగితే దానితో వెళ్తుంది. తాగకపోతే అంత ప్రయాణం తట్టుకోలేదు, ఇక్కడా బతకదు. గొట్టం వేసి పొట్టలోకి పోస్తే వాంతి చేసుకుంది. నిన్న పొద్దున నుంచి లోపలికి పోయింది దోసెడు పాలే.

కొట్టంలో అది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మడతలు పడ్డ బూడిదరంగు తోలు, కొమ్ము రావలసిన చోట అరచేయంత చదును, గరిటెల్లాంటి చెవులు. పాలక్క ఎదురుగా కూర్చుంది.

"ఏరా దొరా, అలక తీరిందా? ఇదిగో, మీ అమ్మ చేతి వంటలాగే చేశాను. రుచి చూసే తెచ్చాను."

సీసా నోటికి తగలగానే అది తల పక్కకు తిప్పేసుకుంది. మూతి పైకెత్తి గోడ వెంట రాసుకుంటూ మూల వరకు వెళ్ళి, మూలలో తల దూర్చి చిన్నగా కీచుమంది. అంత ఒళ్ళున్న దాని గొంతు పిల్లిపిల్ల గొంతులా ఉంది. పాలక్క మూలలోకి జరిగి మళ్ళీ ఎదురు కూర్చుంది. అది మళ్ళీ తిప్పుకుంది. సీసా చల్లారిపోయింది.

సీసా వేడి చేసుకోవడానికి వస్తూ పాలక్క డాక్టరమ్మ గదిలోకి తొంగిచూసింది. డాక్టరమ్మ చదువైపోయి వచ్చిన కొత్తమ్మాయి. రాత్రంతా కొట్టం బయటే కూర్చోవడంతో కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"తాగాడా అక్కా?"

"లేదమ్మా. నా మొహం నచ్చినట్టు లేదు."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఆమె వెనక గోడ మీద పెద్ద బొమ్మల కాగితం ఉంది. అందులో రకరకాల జంతువులు వరసగా నడుస్తున్నాయి. పాలక్క దాన్ని చాలాసార్లు చూసింది గానీ ఎప్పుడూ అడగలేదు.

"ఈ ఉన్ని కప్పుకున్నది ఎవరు?"

"మన వాడి చుట్టమే. మంచు నేలల్లో తిరిగేది. ఇదిగో, ఈ కొమ్ము లేనిది చూశావా? జిరాఫీకి సాటి వచ్చే ఎత్తు. ఇదీ చుట్టమే."

"ఎక్కడుంటాయివి?"

"ఇప్పుడెక్కడా లేవక్కా. ఎముకలు మిగిలాయి, పళ్ళు మిగిలాయి."

"మరి పాలు ఎట్లా ఉండేవి వీటివి?"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "అది ఎవరికీ తెలీదు. ఎముక రాయవుతుంది. పాలు రాయవ్వవు కదా."

పాలక్క ఆ ఎత్తయిన జంతువు కాళ్ళ మధ్య ఖాళీని వేలితో తడిమింది. పిల్ల నిలబడితే ఇక్కడ పడుతుంది. ఆ పిల్ల నాలుక మీద ఒకప్పుడు రోజూ ఉన్న రుచి లోకంలో ఎవరికీ తెలియకుండా పోయిందన్నమాట. ఆమెకు దిగులు కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఆ రుచి చూడాలనిపించింది కూడా.

"ఇంతెత్తు అమ్మయితే పిల్ల మెడ పట్టేసేదేమో. ఎట్లా తాగేదో పాపం."

"చెప్పడానికి అవేవీ లేవుగా. మిగిలిన చుట్టాల్లో మనకు దొరికేవి గుర్రాలూ గాడిదలే."

"గాడిదా? వీడికా?"

"కాలివేళ్ళ లెక్కలో. రెంటికీ వేళ్ళు బేసి సంఖ్యలోనే ఉంటాయి. దూరపు చుట్టరికం."

"పెళ్ళికి పిలవనంత దూరమా?"

"చావుకు కూడా పిలవనంత దూరం" అంది డాక్టరమ్మ. అనేసి ఆ మాటకు తనే నొచ్చుకుని తల దించుకుంది.

పాలక్క పాలగదికి వెళ్ళలేదు. చల్లారిన సీసా చంకలో పెట్టుకుని పెంపుడు జంతువుల ఆవరణ వైపు నడిచింది. పిల్లలు ముట్టుకుని చూసేందుకు అక్కడ మేకలనూ కుందేళ్ళనూ ఒక గాడిదనూ ఉంచుతారు. గాడిద ఈ నెలలోనే ఈనింది. ఈ చుట్టరికం ఏపాటిదో చూద్దామనే తప్ప ఆమెకు వేరే ఆలోచన లేదు.

గాడిదపిల్ల తాగుతోంది. తల్లి తలేమో తొట్టెలో ఉంది. పిల్ల తలేమో తల్లి పొట్ట కిందకు పోయి, వెనక కాళ్ళ దగ్గర నీడలో కలిసిపోయింది. తల్లి ఒకసారైనా వెనక్కి చూడలేదు. పిల్లకు ఆ మొహంతో పనే లేదు. దాని నెత్తి మీద వెచ్చటి పొట్ట ఒక కప్పులా ఉంది, పక్కన డొక్క ఒక గోడలా ఉంది. మూతి పైకెత్తి పొడుస్తోంది, తాగుతోంది, మళ్ళీ పొడుస్తోంది.

పాలక్క కమ్మీల మీద చేయి వేసి నిలబడిపోయింది. తను నిన్నటి నుంచి ఆ పసివాడికి మొహం చూపిస్తోంది. వాడు నిన్నటి నుంచి గోడ వెతుక్కుంటున్నాడు.

"నా మతి మండ" అంది పైకే.

తీగ మీద గాడిద కంబళి ఆరేసి ఉంది. ముతక ఉన్నిది, ఇంకా గాడిద వాసన పోలేదు. ఎవరినీ అడగకుండా లాగి భుజాన వేసుకుంది. దారిలో వంటాయన్ని కేకేసి తాడు తెమ్మంది.

"ఎవరిని కడతావు?"

"నిన్ను కాదులే, రా."

కొట్టంలో అడ్డకమ్మీకి కంబళి వేలాడదీశారు. డాక్టరమ్మ వేడినీళ్ళ సంచులు రెండు తెచ్చి దాని మడతలో కుట్టేసింది. కంబళి అంచు పిల్ల వీపుకంటే కొంచెం పైన ఉండాలని అంది. పాలక్క కిందకు దించింది. డాక్టరమ్మ మళ్ళీ పైకి లాగింది. డాక్టరమ్మ చెప్పినదే సరిపోయింది. ఈసారి పాలక్క ఎదురు కూర్చోలేదు. కంబళి వెనక్కి పోయి నేల మీద వెల్లకిలా పడుకుని, సీసాను కంబళి కింద నుంచి చీకట్లోకి పెట్టింది. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమెకు అదే కష్టమైంది.

గోడ వెంట రాసుకుంటూ వచ్చిన మూతి ఉన్నికి తగిలింది. ఆగింది. గట్టిగా ఒక ఊపిరి పీల్చింది. నుదుటితో కంబళిని ఒక్క పోటు పొడిచింది. సంచీ వెచ్చగా తగిలిందేమో, తల కిందకు దూర్చింది. పాలక్కకు దాని గడ్డం, గులాబీరంగు నాలుక మాత్రమే కనిపిస్తున్నాయి. రబ్బరు తగిలింది, జారిపోయింది, మళ్ళీ తగిలింది. తర్వాత సీసా ఆమె చేతిలోంచి ఊడిపోతుందేమో అన్నంత బలంగా లాగింది. పాలు ఆమె మెడ మీదుగా, చెవుల్లోకి కారాయి. కదల్లేదు.

"తాగుతోందా? తాగుతోందా?" అని బయటి నుంచి వంటాయన గుసగుసలాడాడు.

"నోర్మూయ్" అని డాక్టరమ్మ కూడా గుసగుసగానే అంది. తర్వాత గబుక్కున, "సారీ అన్నా" అంది.

రెండో సీసా అయ్యేసరికి లారీ వచ్చి ఆగింది. ఇంకొకరు పట్టి చూడాలని డాక్టరమ్మ తనే కంబళి వెనక పడుకుంది. పిల్ల తల దూర్చి, వాసన చూసి, బయటికి తీసేసింది. వంటాయన పడుకున్నాడు. తుమ్మాడు. అది మూలకు పారిపోయింది. పాలక్క పడుకోగానే వచ్చింది.

డాక్టరమ్మ మోకాళ్ళ మీద గడ్డి దులుపుకుంది.

"అక్కా, నేను దారిపొడుగునా వెంట ఉంటాను. కానీ వాడికి నేను చాలను."

"అర్థమైందమ్మా."

"అక్కడివాళ్ళు ఇల్లు ఇస్తారు. నేను మాట్లాడతాను. నువ్వు రానంటే..."

"రానని ఎవరన్నారు? ఒక ఫోను చేసుకోనీ."

ఫోను ఎత్తగానే అవతల కుట్టుమిషను చప్పుడు వినిపించింది.

"ఏంటి వదినా ఈ వేళప్పుడు? ఎవరైనా కరిచారా?"

"కరవలేదు. తాగాడు."

"హమ్మయ్య! రాత్రి నుంచి నీ మొహం చూడలేక చచ్చాననుకో."

"వాడితో నన్ను వెళ్ళమంటున్నారు."

మిషను ఆగింది.

"ఎన్నాళ్ళు?"

"పాలు మానేదాకా. ఏడాది దాటుతుందట."

"అప్పటికి నీ రిటైర్మెంటే వచ్చేస్తుంది కదా."

"అవును."

"అంటే ఆ పాలగదికి మళ్ళీ రావు."

పాలక్క అంతవరకు ఆలోచించలేదు. కిటికీలోంచి ఆరుతున్న సీసాలు కనిపిస్తున్నాయి. "రాననుకుంటా" అంది మెల్లగా. "నువ్వొక్కదానివే ఎట్లా ఉంటావే?"

"నేనేమన్నా పసిపిల్లనా సీసా పట్టడానికి? చీరలు సర్ది పంపిస్తాను. స్వెట్టరు పెడతాను, వద్దనకు." ఆడపడుచు ముక్కు చీదింది. "అక్కడ కొత్తరకం జంతువులుంటాయిగా. రోజూ ఫోన్లో చెప్పు. వాటి పాలు ఎట్లా ఉన్నాయో మాత్రం నేను భోంచేసేటప్పుడు చెప్పకు."

"గబ్బిలం సంగతి ఇప్పటికైనా నమ్ముతావా?"

"నమ్మను."

ఆడపడుచు పంపిన చీరల సంచీ వచ్చేసరికి ఎండ చల్లబడింది. లారీ వెనక భాగంలో మోకాలి లోతు గడ్డి పరిచి, కంబళిని అడ్డకమ్మీకి మళ్ళీ కట్టారు. గబ్బిలాన్ని ఎలా వేలాడదీయాలో, ఎలుగుపిల్లకు ఎదురుగా కూర్చుని ఎలా జుమ్మనాలో పాలక్క వంటాయనకు రెండుసార్లు చేసి చూపించింది. అతను జుమ్మన్నాడు. ఎలుగుపిల్ల అనుమానంగా చూసింది.

"ఇంకా లోపలి నుంచి రావాలి."

"వస్తుందిలే. నువ్వు ఎక్కు."

ఆమె లారీ ఎక్కింది. ఈ ఊరు దాటి ఆమె వెళ్ళింది చాలా తక్కువ. లోపల గడ్డి మీద పిల్ల పక్కన చతికిలబడి, తలుపు చీలికలోంచి బయటికి చూస్తూ డాక్టరమ్మను అడిగింది.

"అక్కడ దీని జాతివాళ్ళకు ఎవరికైనా పాలుంటాయా ఇప్పుడు?"

"ఒకటి ఈనిందట. ఎందుకు?"

"ఏం లేదు. నా వంట సరిగ్గా ఉందో లేదో ఒక చుక్క రుచి చూద్దామని."

తలుపు మూశారు. లారీ ఆసుపత్రి చుట్టూ తిరిగి, వెనక గేటు దాటి వెళ్ళిపోయింది. దుమ్ము సద్దుమణిగే వరకు వంటాయన అక్కడే నిలబడ్డాడు. తర్వాత చేతులు కడుక్కుని పాలగదిలోకి వెళ్ళి పొయ్యి ఆర్పాడు. ఆమెకు ఇద్దామని పోసి, హడావిడిలో ఇవ్వలేకపోయిన టీ గ్లాసు కిటికీ గూట్లో అలాగే ఉంది. పారబోయబోయి ఆగాడు. చల్లారిన టీ మీద పల్చటి మీగడ కట్టింది, దాని మధ్యలో ఆ పిల్ల తోలు మీదిలా సన్నగా ఒక ముడత.