గొర్లకాపరి ఆఖరి క్యాసెట్

"ఏదన్న మంచిది సెప్పన్నా" అనే మాట వినీ వినీ తులసీరాంకు ఆ మాటంటేనే విసుగు పుట్టింది. కోదాడ బస్టాండు ఎదుటి సందులో వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టినప్పటి నుంచీ అతని బతుకంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే సరిపోయింది. చెప్పింది నచ్చిందనుకోండి, ఆ ముక్క చెప్పడానికి మళ్ళీ వచ్చే మహానుభావుడు ఒక్కడుండడు. నచ్చలేదా, పొద్దున్నే వచ్చి క్యాసెట్టు బల్ల మీదికి గిరాటేసి, "సుట్టాల ముందల ఇజ్జత్ తీసినవ్ గదన్నా" అని నాలుగు దులిపి పోతారు. పాపం, ఆ సినిమా తీసింది తులసీరాం అయినట్టు.

అది తొంభై అయిదో సంవత్సరం. కోదాడలో కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ కేబుల్ తీగ పాకింది. మీట నొక్కితే సినిమా వస్తుంటే, సందులోకి నడిచొచ్చి క్యాసెట్టు మోసుకుపోయే ఖర్మ ఎవరికి? భార్య కమలాబాయి రోజూ అన్నం గిన్నె తెచ్చి ముందు పెట్టి, దాంతోపాటు అదే మాట వడ్డించేది.

"మా అన్న హర్యా మిర్యాలగూడల రైసుమిల్లుల పని మాట్లాడి పెట్టిండు. ఎన్నిసార్లు కబురు పంపుతడు? ఈ డబ్బాల దుమ్ము పీల్చి పీల్చి నీకు దగ్గు పట్టుకున్నది."

"దసరా పోనియ్యి" అనేవాడు తులసీరాం. దసరా మీద నమ్మకం ఉండి కాదు. ఇంకేదన్నా చెప్పే ఓపిక లేక.

ఓపిక మిగిలిందల్లా ఒక్క అర మీదే. సూర్యాపేటలో ఎవరో దుకాణం ఎత్తేస్తుంటే పోయి గోనెసంచుల్లో క్యాసెట్లు తెచ్చుకున్నాడు. ఆ సంచుల అడుగున జపాన్ బొమ్మల సీరియళ్ళు దొరికాయి. ఈకాలం పిల్లలు అనిమే అని ముద్దుగా పిలుచుకుంటున్నారు గానీ, అప్పట్లో కోదాడలో వాటికి పేరే లేదు. తులసీరాం "బొమ్మల ఫైటింగులు" అన్నాడు, అదే పేరయింది. ఒక మధ్యాహ్నం గిరాకీ లేక ఒకటి పెట్టుకున్నాడు. తినకుండా వదిలేసిన అన్నం గిన్నె చూసి కమలాబాయి ఆ పూట చేసిన రభస సందంతా విన్నది. మాటలు ఒక్క ముక్క అర్థం కావు. అయితేనేం, కొట్టుకునేవాడి కడుపులో మంట అర్థం కావడానికి భాష దేనికి?

అన్నీ చూశాడు. ఒక్కోదాని మీద గట్టి అభిప్రాయం కూడా పెంచుకున్నాడు. ఇనుప రాక్షసులు ఊళ్ళు తొక్కుకుంటూ పోయేది ఎవరికీ ఇవ్వడు, అందులో మనుషుల గోడు లేదంటాడు. ఇద్దరు మొనగాళ్ళు క్యాసెట్టు పొడుగునా ఎదురెదురుగా నిలబడి అరుచుకుని, చిట్టచివర ఒక్క గుద్దు గుద్దుకునేది ఉందే, అది తీరుబడి ఉన్నవాళ్ళకు. కత్తి పట్టిన ముసలమ్మది మాత్రం, అత్తాకోడళ్ళు కలిసి చూడదగ్గదని అతని తీర్మానం. ఎవరన్నా "మంచిది సెప్పు" అంటే ముందు వీటినే చెప్పేవాడు. "బొమ్మలా? మాకా?" అని నవ్వి, పాత సినిమా ఏదో చంకన పెట్టుకుని పోయేవాళ్ళు. పోండి, మీకిదే తగును అని లోపల అనుకుని ఊరుకునేవాడు.

వానలు మొదలయ్యే రోజుల్లో నడిగూడెం దిక్కు నుంచి బుచ్చమ్మ వచ్చింది. గొర్లు కాచుకునేవాళ్ళు. ఎండాకాలంలో మందను పెద్దరోడ్డు దాటిస్తుంటే లారీ వచ్చి మీద పడింది. మందలో సగానికి సగం రోడ్డు మీదే పోయింది. ఆమె పెనిమిటి మంగయ్యకు మోకాలి పైదాకా కాలు తీసేశారు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి మంచంలో పడుకోబెడితే గోడ దిక్కు తిరిగాడు, ఇక ఇటు తిరగలేదు. మాట లేదు, పలుకు లేదు. మిగిలిన జీవాలను ఆమె ఒక్కతే తోలుకుపోతోంది. చంక కర్ర దవాఖానలో ఇచ్చింది ఇచ్చినట్టే మూలన ఉంది.

"మా మరిది మస్కట్ నుంచి టీవీ, డెక్కు తెచ్చిండన్నా. ఏమన్న పెడితే ఇటు తిరుగుతడేమోనని నా ఆశ. పాటలు పెడితే చెవులు మూసుకుంటుండు. జర నువ్వే సెప్పు" అంది బుచ్చమ్మ.

తులసీరాం ఆమె మొహం చూశాడు. మామూలుగా అయితే చెయ్యి దానంతటదే ఏదో ఒక పెట్టె మీదికి పోతుంది. ఆరోజు పోలేదు. వెనక్కి తిరిగి, బొమ్మల అరలోంచి ఒకటి తీశాడు.

"బొమ్మలాటనా అన్నా? ఆయనకు నలభై దాటినయ్."

"నేను సూసిన సెల్లె, నా మాటిను. మాటలు అర్థం గావు, పట్టించుకోకు. ఇందుల గొర్లుంటయ్."

కొండల దేశంలో ఒక కాపరి. ముసుగేసుకున్న దొర ఒకడు గుర్రాల మీద మనుషులను పంపి అతని మందను నరికించేస్తాడు. కాపరి కర్ర పట్టుకుని, కుక్కను వెంటేసుకుని, కొండ తర్వాత కొండ ఎక్కుతూ ఆ దొర కోసం పోతాడు. ఎక్కిన ప్రతి కొండ మీదా ఒక కొట్లాట. క్యాసెట్టు తర్వాత క్యాసెట్టుగా సాగే కథ అది. ఇచ్చి పంపాక గానీ తులసీరాంకు సంగతి తట్టలేదు. మంద పోయినవాడికి మంద చచ్చే కథ ఇచ్చాను, ఇదేం తెలివి అని తనను తానే తిట్టుకున్నాడు.

తర్వాతి వారం బుచ్చమ్మ వచ్చింది. వచ్చీ రాగానే బల్ల పట్టుకుని నిలబడిపోయింది.

"నోరిప్పిండన్నా."

"ఏమన్నడు?"

"తిట్టిండు. 'కుక్కను మంద నడుమకు తోలుతడా ఎవడన్న? గొర్లు సెదిరిపోవా? ఈనికి కాపుదనం నేర్పినోడు ఎవడే' అని గంటసేపు ఒకటే తిట్టుడు." నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మంచం ఇటు తిప్పమన్నడు."

నచ్చిందని చెప్పడానికి తిరిగొచ్చిన మనిషిని ఇన్నేళ్ళలో తులసీరాం చూడటం అదే మొదలు. రెండో క్యాసెట్టు తుడిచి ఇచ్చాడు. ఆ పూట అన్నం సహించింది.

అట్లా వారం వారం ఆమె సంతకు వస్తూ ఒకటి ఇచ్చి ఒకటి పట్టుకుపోయేది. మంగయ్య లేచి కూర్చున్నాడట. కాపరి కొట్లాటలో పడిపోతే తిండి మానేస్తున్నాడట, లేస్తే రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడట. కర్ర తెమ్మని, దాన్ని ఎత్తి చూసి, మళ్ళీ పక్కన పెట్టాడట. చివరికి ఒకే ఒక్క క్యాసెట్టు మిగిలింది.

"ఇదే ఆఖరిదా అన్నా? గెలుస్తడా వాడు?"

గెలుస్తాడు. మంచుకొండ కొమ్మున దొరను కూల్చి, అక్కడే కూలబడి, కన్ను మూస్తాడు. తులసీరాంకు తెలుసు. అందుకే పెట్టె మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆఖరిది నా దగ్గర లేదందామా అనుకున్నాడు. ఆమె పసిగట్టినట్టే అంది: "ఇది సూడకపోతే మళ్ళ గోడ దిక్కు తిరుగుతడన్నా. వాని కోసమే పాణం పట్టుకున్నడు." చూసినా తిరుగుతాడేమో తల్లీ అని తులసీరాం లోపలే అనుకున్నాడు. పెట్టెతో సహా ఇచ్చేశాడు.

మర్నాడే రాజమ్మ వచ్చి పడింది. శ్రావణంలో ఆమె బిడ్డ పెళ్ళికి వీడియో తీసింది తులసీరామే. దుకాణం నడవక పెళ్ళిళ్ళూ తీసేవాడు.

"ఏమయ్యా, తలంబ్రాల దాంక ఇచ్చి చేతులు దులుపుకున్నావు. అప్పగింతలు ఏవీ? మా వియ్యాలవారు అడుగుతున్నారు" అని దబాయించింది.

తులసీరాం అరలన్నీ వెతికాడు, సంచి దులిపాడు. దులుపుతూ దులుపుతూ ఆగిపోయాడు. పెళ్ళిరోజున జీపు వచ్చేసరికి అతను దుకాణంలో కాపరి ఆఖరి క్యాసెట్టే మళ్ళీ చూస్తున్నాడు. నడిమిట్లో ఆపి, తొందరలో సంచిలో వేసుకున్నాడు. తలంబ్రాల దగ్గర కెమెరాలో టేపు అయిపోయింది. మేళం మోతలో, ఆ జనంలో, చేతికి తగిలింది కెమెరాలో వేశాడు. పెళ్ళయ్యాక ఒళ్ళు హూనమై వచ్చి, అలవాటు కొద్దీ దాన్ని తీసి బొమ్మల పెట్టెలోనే పెట్టాడు.

అంటే అక్కడ మంగయ్య, మంచుకొండ ఎక్కుతున్న కాపరిని చూస్తూ చూస్తూ ఉండగా, దొర కత్తి ఎత్తిన చోట రాజమ్మ గారి పెళ్ళి మొదలవుతుంది. తులసీరాం స్టూలు మీద కూలబడ్డాడు. మనిషి లేచి కూర్చున్నాడు, నా చేతులారా మళ్ళీ పడుకోబెట్టాను అనుకున్నాడు. రాజమ్మ ఏదో అంటూనే ఉంది. అతనికి వినపడలేదు.

ఆమె అంటుండగానే బస్టాండు దిక్కు నుంచి బుచ్చమ్మ వస్తూ కనిపించింది. ఆమె భుజం మీద ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి మంగయ్యది. చంకలో కర్ర, ఒళ్ళంతా చెమట, అడుగుకోసారి ఆగుతూ వస్తున్నాడు. తులసీరాం లేచి ఎదురుపోయి స్టూలు వేశాడు. మంగయ్య కూర్చుని, ఊపిరి తీసుకుని, క్యాసెట్టు బల్ల మీద పెట్టాడు.

"ఏమైండు వాడు?"

"మంగన్నా, తప్పు నాదే. పెండ్లి రికార్డయింది దాని మీద."

"పెండ్లి మొత్తం సూసిన" అన్నాడు మంగయ్య. "తలంబ్రాలు సూసిన, అప్పగింతలు సూసిన. బంతిల ఎవరు ఏం తిన్నరో గది గూడ సూసిన. యాడన్న నడుమల వాడు మళ్ళొస్తడేమోనని."

"నేను అప్పగింతల కాడ ఏడుస్తుంటే, ఊకో, వాడొచ్చే యాళయింది అన్నడన్నా" అంది బుచ్చమ్మ.

రాజమ్మ చప్పున క్యాసెట్టు చేతిలోకి తీసుకుంది. "అది మా అమ్మాయి పెళ్ళే" అంది.

"మంచిగ జేసిన్రమ్మా. పిల్ల సక్కగున్నది" అని మంగయ్య మళ్ళీ తులసీరాం వైపు తిరిగాడు. "నువ్వు సూసినవంట గద. సెప్పు. తెల్లారంగ నుంచి గిదే పరేషాన్. ఇగ నా వల్ల గాక బస్సెక్కిన."

తులసీరాం మొహంలోనే సంగతి పసిగట్టి, అతని వెనక నిలబడి బుచ్చమ్మ తల అడ్డంగా ఊపుతోంది. చెప్పకు అన్నా, మంచిదే చెప్పు అని. ఎంతసేపు పని? బతికాడు, ఇంటికొచ్చాడు, పెళ్ళి చేసుకున్నాడు అనొచ్చు. టేపు మీద పెళ్ళి కూడా ఉందాయె. పనికిమాలిన సినిమాలన్నిటినీ "సూపరుంటది" అని అంటగట్టిన నోరే అది. కానీ ఒంటికాలి మీద అంతదూరం వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తున్నాడు. తులసీరాం బాగా అలిసిపోయి ఉన్నాడు, అబద్ధం అల్లే శక్తి కూడా లేదు.

"సచ్చిపోయిండు మంగన్నా."

బుచ్చమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గెలిచినంకనా? ముందుగాలనా?" అన్నాడు మంగయ్య.

"గెలిచినంకనే. దొరను కొట్టి, గుట్ట మీదనే కూసుండి పాణం ఇడిసిండు."

"దెబ్బలు తగిలినయా?"

"తగిలినయ్. గని నడవరానంత ఏం లేవు. ఇగ గొర్లు లేవు గద, యాడికి పోవాలె అన్నట్టు కూసుండిపోయిండు."

"కుక్క?"

"పక్కపొంటి కూసుంది."

మంగయ్య మొహం ఎర్రబడింది. ఇక గోడ దిక్కే అనుకున్నాడు తులసీరాం.

"కాళ్ళు రెండు ఉన్నయా వానికి?" అని అడిగాడు మంగయ్య.

"ఉన్నయ్."

"రెండు కాళ్ళుండి గుట్ట దిగలేకపోయిండా? కుక్క ఉన్నది, ఇంటికాడ కొంప ఉన్నది. దిగి ఇంటికి పోవాలె గద. పోయినయ్ పోంగ ఏం మిగిలినయో సూసుకోవాలె గద." గొంతు పెరిగింది. సందులో పోయేవాళ్ళు తిరిగి చూశారు. "ఇన్ని రోజులు ఈని కోసమా నేను తిండి మాని కూసున్నది? గింత సోయి లేనోడు కాపరి ఎట్లయితడు?"

తిట్టి తిట్టి ఆగాడు. వగరుస్తూ ఉన్నాడు. తల తిప్పి భార్యను చూశాడు. "మనయి ఎన్ని మిగిలినయే?" అన్నాడు. దవాఖాన నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచీ అతను తన గొర్ల మాట ఎత్తడం అదే మొదలు. బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు తిరిగింది.

మంగయ్య కర్ర చంకన పెట్టుకుని లేచాడు. తులసీరాం పట్టుకోబోతే వద్దన్నాడు.

"ఇంకోటియ్యి అన్నా" అన్నాడు. "ఫైటింగులు ఎన్నన్న ఉండని. ఆఖరుకు వాడు ఇంటికొచ్చేది ఇయ్యి."

తులసీరాం అర ముందు నిలబడ్డాడు. ఇనుప రాక్షసులు, అరుచుకునే మొనగాళ్ళు, కత్తి పట్టిన ముసలమ్మ, ఒక్కొక్కరినే తలుచుకుంటూ పోయాడు. అందరూ గెలిచినవాళ్ళే. ఇంటికొచ్చిన వాడు ఒక్కడు కనపడలేదు.

"లేదు మంగన్నా" అన్నాడు. "వీండ్లల్ల ఇంటికొచ్చినోడు ఎవ్వడు లేడు."

మంగయ్య ఆ అరను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. "అయితే ఏదో ఒకటియ్యి, సూస్త. ఆఖరి క్యాసెట్టు మాత్రం ఇయ్యకు" అని చెప్పి, ఈసారి భార్య భుజం పట్టుకోకుండా మెట్టు దిగాడు.