గోడవైపు తిప్పిన గడియారం

టిష్యూల డబ్బా మళ్లీ ఖాళీ. సగం ఆ టైలరమ్మ కన్నీళ్లకే పోయుంటాయనుకుంది పాస్టరుగారి భార్య, కొత్త డబ్బా చింపుతూ.

శనివారం పాస్టరుగారికి గోడు చెప్పుకునే జనం రాకముందే ప్రార్థన గది తుడవాలి, కూజా నింపాలి, కుర్చీలో దిండు సర్దాలి. తర్వాత పక్కగదిలో ప్రభువు బల్లకి ద్రాక్షరసం పోసే చిన్న కప్పులు కడగాలి. జీతం ఒకరికి, చాకిరీ ఇద్దరిది. అదేమంటే అత్తగారి దగ్గర జవాబు సిద్ధం: "మావాడు దేవుడి మనిషి. వాడి పక్కనుండే నీకు తలనొప్పొచ్చినా సంఘంలో సాక్ష్యం పోతుందే, మంచిపేరు పోతుందే అమ్మాయ్!"

ఇవాళ పాస్టరుగారి భార్య ఓ పని అదనంగా చేసింది. కూజా పక్కనున్న మంచి గ్లాసు తీసేసి, అంచు చిట్లినది పెట్టింది. మొదటి వంతు టైలరమ్మదని తెలిసే పెట్టింది.

రెండు గదుల మధ్యా చెక్క గోడే. అన్నీ వినిపిస్తాయి. ముందుగా బల్లమీద గడియారం జరిగిన చప్పుడు. ఎవరైనా ఎదురుగా కూర్చోగానే పాస్టరుగారు దాన్ని గోడవైపు తిప్పేస్తాడు, వచ్చినవాళ్లకి తొందరనిపించకూడదని. వాళ్లు లేచాక మళ్లీ తనవైపు తిప్పుకుంటాడు. తర్వాత ఆ గొంతు.

"ఏడవండమ్మా. తొందరేం లేదు. మనం మట్టి మనుషులమని చేసినవాడికి తెలీదా? బీట పడిందని కుండని విసిరేసే కుమ్మరి కాదమ్మా ఆయన."

కప్పు తోముతున్న చెయ్యి ఆగింది. ఆ టైలరమ్మ తప్పు కొత్తదైనా కాదు. వారమంతా అత్తతో జుట్టూజుట్టూ పట్టుకోవడం, శనివారం వచ్చి ఏడవడం. వచ్చిన ప్రతిసారీ అదే క్షమాపణ, వేడివేడిగా. మొగుడు పరాయిదాని వెంట తిరిగితే ఊరంతా జాలిపడుతుంది. మొగుడి గొంతు పరాయివాళ్ల పాలైతే ఎవరితో చెప్పుకోవాలి? అమ్మని పాతిపెట్టి వచ్చిన మర్నాడు తను వంటింట్లో కూలబడి ఏడుస్తుంటే ఆయన చేతి వాచీ చూసుకున్నాడు. "నువ్వే ఇలా అయిపోతే సంఘం ఏమనుకుంటుంది? ప్రార్థన కూటానికి టైమవుతోంది, మొహం కడుక్కో." కడుక్కుంది. అప్పట్నుంచీ అది కడిగిన మొహమే.

తలుపు తెరుచుకుంది. టైలరమ్మ ఉబ్బిన కళ్లతో నవ్వుతూ వచ్చింది.

"మీ అదృష్టమే అదృష్టం అమ్మగారూ! ఇలాంటి మనిషితో రోజూ ఉంటారు. మా ఆయన నోరు తెరిస్తే వీధి కుక్క కూడా లేచి పోతుంది." టిష్యూతో పెదవి అద్దుకుంది. తెల్లకాగితం మీద ఎర్ర చుక్క. "ఆ గ్లాసు చిట్లినట్టుంది, పారేయండి. ఇంకెవరికైనా కోసుకుంటుంది."

"అయ్యో, చూసుకోలేదమ్మా."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో! ఆవిడ ఆ ఎర్ర చుక్క వంకే చూసింది. ఆ కుమ్మరి మాటలు తన మొగుడి సొంతం కాదుగా. ఆయనకీ పైవాడిచ్చినవే. ఇచ్చినవాడు, పాస్టరు పెళ్లానికి తప్ప అందరికీ అన్నాడా?

చేతులు తుడుచుకుని, బయట బెంచీ చివర కూర్చుంది.

"మీరు ముందెళ్లండమ్మగారూ, అయ్యగారికి భోజనం సంగతి చెప్పడానికేగా," అన్నాడు పక్కనున్న ముసలాయన.

"కాదు బాబాయ్. నేనూ వరసలోనే."

చెప్పుల్లో కాళ్లు పెడుతున్న టైలరమ్మ ఆగి, ఆవిడ మొహం చూసింది. "నీళ్లు నేను పెడతాలెండి," అని చెప్పులు విడిచి, మంచి గ్లాసు వెతకడానికి లోపలికెళ్లింది.

వంతు వచ్చింది. ఆవిడ తలుపు మూసి, తను సర్దిన దిండుకే ఆనుకుని కూర్చుంది.

"ఏంటి, టీకి టైమయిందా?" అన్నాడాయన, తలెత్తకుండా.

"లేదు. నా వంతొచ్చింది."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. బయట జనం ఉన్నారు. నువ్వే ఇలా వచ్చి కూర్చుంటే సంఘం..."

"అనుకోనివ్వండి. ఇవాళ ఓ మనిషికి కావాలనే చిట్లిన గ్లాసు పెట్టాను. కుళ్లుతో. పెదవి తెగింది. తెలీదని బొంకాను. మీ దగ్గర ఏడ్చే ప్రతివాళ్లనీ చూసి కుళ్లుకుంటున్నాను. ప్రార్థన చేద్దామని కూర్చుంటే నోట్లోకి మాట రావడం లేదు. ఇలాంటివాళ్లకి ఈ కుర్చీలో ఏం చెబుతారో, అది నాకూ చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. ఆ గొంతు రాలేదు. అలవాటుగా చూపు గడియారం మీదికి పోయింది.

ఆవిడ చెయ్యి చాచి, దాన్ని గోడవైపు తిప్పింది.

"తొందరేం లేదుగా," అంది. "మా అమ్మ పోయిన రోజు దగ్గరికి ఇంకా రాలేదు నేను."