చవక మందు

కుళాయి దగ్గర బిందె జారిపోయింది. కనక దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది. పట్టుకున్నాననే అనుకుంది. వేళ్ళు మాత్రం ఆ సంగతి తమకు తెలియనట్టు మెల్లగా విచ్చుకున్నాయి. బిందె రాళ్ళ మీద దొర్లుకుంటూ పోతుంటే, ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడింది.

“ఏటే కనకా, సేతుల్లో పస నేదా?” అంది అత్త సోములమ్మ చూరు కిందనుంచి. “నీ ఈడుకి నాను ముగ్గురిని కని, కాఫీ తోటల్లో కూలికెళ్ళీదాన్ని. బేగి ఇంకో బిందె పట్టుకురా. గుంటడు జీపు తీసీ ఏళయింది.”

గుంటడంటే కనక మొగుడు రవిబాబు. నలభైకి దగ్గరపడుతున్నా తల్లికి ఇంకా గుంటడే. కనక ఇంకో బిందె పట్టింది. అంబలి కాచింది. జావ తాగిన గిన్నెలు కడిగి, చీర మార్చుకుని, డుంబ్రిగుడ ఆశ్రమ పాఠశాలకి నడిచింది. గోడలున్నంత మేరా గోడలు పట్టుకుని, గోడలు లేనిచోట కంచెలు పట్టుకుని.

జబ్బు మొదట కంట్లోకి వచ్చింది. వలిసె చేలు విరగబూసిన రోజుల్లో ఓ పొద్దున ఎడమ కన్ను నలుపుకుంటూ కుడికంటితో చూస్తే, లోయంతా పరుచుకున్న పసుపు బూడిద రంగులో కనబడింది. మంచు కంట్లో దూరిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. కొన్ని వారాలకి రంగు దానంతటదే తిరిగొచ్చింది గానీ, అప్పటికి పాదాలు వెళ్ళిపోయాయి. అంటే ఉన్నాయి, నడుస్తున్నాయి, కానీ తడి దూది మీద నడుస్తున్నట్టుండేది. ఎవరితోనైనా చెప్పుకోవడానికి సిగ్గుపడేది గానీ, అందులో కాస్త హాయి కూడా ఉండేది. పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తుండగా కింద నేల మాయమైపోయేది. తను మెల్లగా తేలి, కిటికీలోంచి బయటికి పోయి, కొండ మీది మబ్బులో ఎవరికీ వంట చెయ్యనక్కర్లేని చోట కూర్చున్నట్టుండేది. “టీచరమ్మా, పదమూడో ఎక్కం అయిపోయింది” అని పిల్లలు పిలిస్తే మళ్ళీ దిగి వచ్చేది.

అత్త పూజారిని పిలిపించి నల్లకోడిని కోయించింది. ఆ తర్వాతే రవిబాబు విశాఖ తీసుకెళ్ళాడు. స్కానింగు చూసి నరాల డాక్టరు ఫణీంద్ర జబ్బు పేరు చెప్పాడు. మల్టిపుల్ స్క్లీరోసిస్. ఒంటిని కాచే కణాలే నరాల మీది పొరని కొరికేస్తుంటాయట. కాపాడాల్సినవాళ్ళే కొరకడం కనకకి మరీ వింతగా అనిపించలేదు. వింత ఏమిటంటే డాక్టరు అదంతా రవిబాబుకి చెప్పాడు. నరాలు తనవి, కుర్చీ మాత్రం గోడవారన. ఆమెకి నిద్ర పడుతోందా అని డాక్టరు అడిగితే, పడుతోందని రవిబాబు చెప్పాడు.

మందు విదేశాల నుంచి వచ్చే ఇంజక్షను. దాని నెల ఖర్చు ఆమె జీతాన్ని మించిపోయింది. చెవి దుద్దులు, దాచుకున్న డబ్బు కలిసి మూడు నెలలు వచ్చాయి. ఆ తర్వాత రవిబాబు చాలన్నాడు. “నయమయ్యేది కాదంట కదా. తగ్గని రోగానికి అంత డబ్బు పొయ్యడం ఏటి తెలివి? వేరే మందు నేదన్నాడు డాక్టరు. నానేటి సెయ్యను?” అన్నాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ శ్రావణంలోనే బొర్రా గుహలకి యాత్రికుల్ని తిప్పడానికి జీపు కొన్నాడు. లోను ఆమె జీతం మీద ఇచ్చారు. విశాఖ నుంచి బంతిపూల దండతో దిగిన జీపుకి కనకే బొట్టు పెట్టింది. “బళ్ళో నోరెత్తకు. జబ్బుమనిషివని తెలిస్తే ఉద్యోగం ఉంటాదా, జీపు ఉంటాదా?” అని ఆ రాత్రే చెప్పాడు. అందుకే గోడలు. అందుకే కంచెలు. ఏ చోటుకైనా వెళ్ళేముందు, అక్కడ పట్టుకోవడానికేముందో ముందుగా మనసులో చూసుకోవడం ఆమెకి అలవాటైపోయింది.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక, ఒకరోజు నల్లబల్ల మీద సగం వాక్యం రాస్తూ కూలిపోయింది. ఆడపిల్లలు లేవనెత్తి కూర్చోబెట్టారు. కుడికాలు రెండురోజులు మాట వినలేదు. “సీజను కదా, జీపు ఖాళీ నేదు. తగ్గాక సూద్దాం” అన్నాడు రవిబాబు. తగ్గాక చూడ్డానికి ఏముంటుందని కనక అడగలేదు. శనివారం అరకు స్టేషనుకి ఆటోలో వెళ్ళి, ఒక్కతే విశాఖ రైలెక్కింది.

రైలు సొరంగాల్లోకి దూరుతూ, బయటికొస్తూ కొండ దిగుతోంది. వెలుగులో ఆమెకి చేతులున్నాయి, ఒళ్ళో సంచి ఉంది, నల్లపూసలున్నాయి. చీకట్లో ఏవీ లేవు. ఒళ్ళు ఎక్కడ ముగుస్తుందో, చీకటి ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. పక్కబెంచీ పిల్లలు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెడుతుంటే, ఆ కేకల మధ్య తను కూడా ఒకసారి అరిచింది. ఎంత గట్టిగా అంటే, వెలుగొచ్చాక ఓ ముసలామె ఆమె వైపు చూసి నవ్వింది. అలా అరిచి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. శృంగవరపుకోట దాటేసరికి వేడి మొదలైంది. వేడికి కాళ్ళు బరువెక్కుతాయి. మైదానంలోకి దిగుతున్నకొద్దీ మోకాళ్ళ కింద ఇసుక నింపుతున్నట్టనిపించింది.

డాక్టరు తలుపు వైపు చూశాడు. “మీవారు రాలేదా అమ్మా?”

“నేనొచ్చాను సార్.” కనక బల్ల ఎదురుగా కూర్చుంది. రైల్లో కూడబలుక్కున్న మాటలన్నీ కలగాపులగమైపోయాయి. “ఆ ఇంజక్షను కొనలేం. అంతకంటే చవకలో నాకు పనికొచ్చేది ఏదీ లేదా?”

“మాత్రలు మీరే వద్దన్నారట కదా?”

“ఏ మాత్రలు?”

ఆయన పెన్ను బల్లమీద పెట్టేశాడు. “నిరుడు శ్రావణంలో మీవారు ఒక్కరే వచ్చి ఖర్చు తట్టుకోలేమన్నారు. పాత మాత్రలున్నాయి, ఇంజక్షనంత పేరున్నవి కావు గానీ జబ్బు దాడులు తగ్గిస్తాయని చెప్పాను. పెద్దాసుపత్రిలో స్టాకుంటే ఊరికే ఇస్తారు, కొన్నా భరించగలిగినవే. నెలనెలా రక్తపరీక్ష మాత్రం తప్పదు. టీచరు కదా, పెట్టిన ఖర్చుకి డిపార్టుమెంటులో క్లెయిము పెట్టుకోమని కూడా అన్నాను. మీకు సూదంటే భయం, ఆ రక్తపరీక్షలకి ఒప్పుకోరు అన్నారాయన.”

శ్రావణం. బంతిపూల దండ. జీపు కొన్న నెలే అది. డబ్బు లేక కాదని ఆమెకి మెల్లగా అర్థమైంది. క్లెయిము పెడితే జబ్బు సంగతి బయటపడుతుంది, బయటపడితే జీపుకి పూచీ ఉన్న జీతం అనుమానంలో పడుతుంది. అందుకని తన బదులు భయపడి, తన బదులు వద్దన్నాడు. మూడు నెలలు తన తొడలో తనే ఇంజక్షను పొడుచుకుంది. సూదంటే భయమట. ఏడుపొస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. పొగమంచు లోయలో చెట్టు చెట్టుగా విడిపోతున్నట్టు, ఏడాదిలోని ఒక్కొక్క రోజు విడివిడిగా కనబడింది. జారిన గిన్నెలు, పడిన మెట్లు, నల్లబల్ల మీద సగం వాక్యం.

“పోయిందంతా తిరిగొస్తుందా సార్?”

“చెప్పలేనమ్మా. ఇక ముందు పోయేదాన్ని తగ్గించుకోవచ్చు.”

రాసిచ్చిన మాత్రలు అక్కడే కొనుక్కుంది. మర్నాడు అరకులో దిగి ఇంటికి పోలేదు. ప్రధానోపాధ్యాయురాలు మాధవి క్వార్టరుకి వెళ్ళి, జబ్బు పేరుతో సహా మొత్తం చెప్పింది. “నువ్వు తాగి వస్తున్నావని ఇక్కడ కొందరనుకున్నారు. నేను కూడా ఒకసారి అనుకున్నాను, క్షమించు” అంది మాధవి. “ఉద్యోగం ఎందుకు పోతుంది? క్లెయిము నేను పంపిస్తాను. రేపట్నుంచి క్లాసులో కుర్చీ వేయిస్తాను. చేతికర్ర తెచ్చుకో, దాచుకోకు.”

ఇంటికొచ్చేసరికి రవిబాబు జీపు అద్దం తుడుస్తున్నాడు. “ఏటన్నాడు డాక్టరు?”

“నిరుడు నీతో అన్నదే అన్నాడు.”

గుడ్డ అద్దం మీద ఆగిపోయింది. “నీకు సూదంటే...” అన్నాడు.

“ఏటయిందిరా?” అంది సోములమ్మ లోపల్నుంచి.

“బళ్ళో చెప్పేశాను. జీపు వాయిదా జీపే సంపాదించుకుంటాది. నా జీతం ముందు నా నరాలకి” అంది కనక. గొంతు పెంచలేదు. అరుగు మీద కూర్చుని, సంచిలోంచి మాత్ర తీసి మింగింది.

మాత్రలు మాయలేం చెయ్యలేదు. ఆ వానాకాలంలో మరో దాడి వచ్చింది, కానీ తేలిగ్గా పోయింది. క్లెయిము డబ్బు ఆలస్యంగా, కోతలతో వచ్చింది. ఆసుపత్రిలో మాత్రలు లేని నెలల్లో కొనుక్కుంది. కొనుక్కోగలిగింది. రవిబాబు అంబలి తనే కాచుకోవడం నేర్చాడు, మాడ్చాడు, మళ్ళీ నేర్చాడు.

దీపావళి దాటాక డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, “నానూ వత్తాను. ఆయనేటంటాడో నీకొక్కదానికీ తెలవదు” అన్నాడు.

కనక చేతికర్ర అందుకుంది.

“రా. బయట బెంచీ మీద కూర్చో.”