తొమ్మిదో చప్పుడు

స్టీల్ ప్లాంటు కాలనీ ఖుర్సీపార్‌లో త్రినాథరావు క్వార్టర్‌కీ పక్కింటి నూకాలమ్మ క్వార్టర్‌కీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి నాడి ఉంది. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి నూకాలమ్మ ఒక చెయ్యి గోడకి ఆనించి చూసుకునేది. ఏడాదికోసారి సున్నం వెయ్యడానికొచ్చే మనిషి కూడా అక్కడికొచ్చేసరికి కుంచె మెల్లిగా నడిపేవాడు, పసిపిల్లకి పౌడరు రాసినట్టు.

ఇంట్లో ఎవరికి భయమేస్తే వాళ్ళ గుండెతో గోడ కొట్టుకుంటుందని క్వార్టర్ల లైన్లో అందరికీ తెలుసు. ఎవరు తేల్చేరో గానీ తేల్చేశారు. త్రినాథరావు కూతురు భాగ్యరేఖకి తల్లి పోయిన ఏడు గోడ నెల్రోజులు దడదడలాడింది. అప్పుడా పిల్లకి పదకొండేళ్ళు. పాపం, గుంట బెదిరిపోయింది అన్నారందరూ. పదో క్లాసు పరీక్షలప్పుడూ అంతే. అప్పట్నించీ భాగ్యరేఖకి పిరికిదన్న పేరు స్థిరపడిపోయింది. మన జనం ఒకసారి పేరు పెట్టేరంటే ఇక అది రేషన్ కార్డులో ఎక్కినట్టే.

తొంభై నాలుగు జూలైలో గోడ మళ్ళీ మొదలెట్టింది. ఈసారి నూకాలమ్మ అలమార్లో చెంచాలు కింద పడేంత గట్టిగా.

కారణం అందరికీ తెలిసిందే. భాగ్యరేఖ దుర్గ్ కాలేజీలో బీయస్సీ రెండో ఏట్లో చేరి మూడు వారాలైంది. డిగ్రీ పూర్తవకుండానే, ఇంట్లో చెప్పకుండా, మెడికల్ ఎంట్రన్సు రాసింది. లిస్టులో పేరొచ్చింది. వచ్చింది గానీ వెయిటింగ్‌లో, పదకొండో నంబరు. కౌన్సెలింగ్‌కి భోపాల్ వెళ్ళాలంటే కాలేజీ నుంచి అసలు టీసీ చేతిలో ఉండాలి. టీసీ తీసుకుంటే బీయస్సీ సీటు పోతుంది. పైవాళ్ళు తగినంతమంది మానుకోకపోతే డాక్టరు సీటూ రాదు. అప్పుడు అటూ కాదు, ఇటూ కాదు. టీసీ దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. భోపాల్‌లో పిలుపు వచ్చే శుక్రవారం; టీసీలిచ్చే ఆఖరి రోజు మాత్రం ఈ శనివారమే, ఒంటిగంటకి కాలేజీ ఆఫీసు మూసేస్తారు.

ఆ పిల్లకి అన్నం దిగడం మానేసింది. నిద్రలో కూడా పదకొండు, పదకొండు అని లెక్కపెట్టుకునేది.

త్రినాథరావు మాత్రం ఒకటే మాట. ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్‌లో పాతికేళ్ళుగా ఖలాసీ. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ తొణక్కుండా ఉంటాడు. ఆ మనిషికి భయమంటే ఏటో తెలీదని ప్లాంట్లో చెప్పుకునేవారు.

"ముందు డిగ్రీ పూర్తి సెయ్. ఆనక నీ ఇష్టం" అన్నాడు.

"మళ్ళీ రాస్తే వస్తుందో రాదో నాన్నా."

"ఇంటర్ సగంలో వదిలేసి దుర్గ్‌లో బండి దిగినోణ్ణి నేను. సర్టిఫికెట్ లేదని నన్నెప్పుడూ పైకి ఎక్కనివ్వలేదు. సగం సదువు సంగతి నన్నడుగు, సెప్తాను."

మామ్మ గున్నమ్మ మంచం మీంచి అందుకుంది. "ఒరే తిన్నాదా, సంతకం పెట్టీరా. గుంట ఎండిపోతంది."

"ఊరుకోయే అమ్మా."

గురువారం సాయంత్రం నూకాలమ్మ గిన్నె పప్పు పట్టుకుని వచ్చింది. పప్పు వంకే గానీ, వచ్చింది గోడ సంగతి అడగడానికే.

"ఒలే రేకా, మా చెంచాలన్నీ సొట్టపోయేయి. నీ భయం కాస్త తగ్గించుకోయే. ఇంత పిరికిదానివి, రేపు మనుషుల్ని కోస్తావా? డాక్టరుకి గుండె రాయి కావాలి తల్లీ. మీ నాన్న సెప్పింది ఇను."

నూకాలమ్మది చెడ్డ మనసు కాదు. అందుకే ఆ మాట సూటిగా దిగింది. భాగ్యరేఖ గోడ వైపు చూసింది. అది అబద్ధం చెప్పదు కదా, ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఎవరికీ వినిపించకుండా ఏడ్చి, శనివారం వెళ్ళకూడదని నిశ్చయించుకుంది.

శుక్రవారం త్రినాథరావుది పొద్దుటి షిఫ్టు. పొద్దున ఆరింటికే సైకిలెక్కేడు. భాగ్యరేఖ కాలేజీకి పోలేదు. మామ్మ పడుకుంది, బయట వాన. దరఖాస్తు చింపేద్దామని చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే గుండె గొంతులోకొచ్చింది. ప్రాక్టికల్స్‌లో నేర్చిన అలవాటు, మణికట్టు పట్టుకుని వాచీ చూసుకుంది. నిమిషానికి నూట పన్నెండు.

అప్పుడు స్ఫురించింది, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందని.

గోడకి చెవి ఆనించింది. అది కునుకు తీస్తున్నట్టు మెల్లిగా కొట్టుకుంటోంది. లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. మళ్ళీ తన నాడి చూసుకుంది, నూట పదహారు. చచ్చేంత భయంగా ఉంది తనకి, గోడకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

అరిచేటప్పుడే కదా గోడని పట్టించుకునేది. ఊరుకున్నప్పుడు అది ఎవరి గుండెతో కలుస్తుందో ఎవరు చూస్తారు? తను పుట్టిన ఈ పందొమ్మిదేళ్ళలో ఎవరూ చూడలేదు.

రెండున్నరకి గేటు దగ్గర సైకిలు స్టాండు చప్పుడైంది. ఆ క్షణాన్నే గోడ లేచింది. దడ దడ దడ. భాగ్యరేఖ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ఎనిమిది చప్పుళ్ళు. తొమ్మిదోది లేదు. మళ్ళీ ఎనిమిది. మళ్ళీ తొమ్మిదోదాని దగ్గర ఖాళీ. నాడి మధ్యలో ఇలా ఎగిరిపోతే గుండెకి జబ్బని పుస్తకంలో చదివింది గుర్తొచ్చి, ఆ పిల్ల వంటింట్లోకి పరిగెత్తింది.

మంచినీళ్ళ గ్లాసు తెచ్చి తండ్రి చేతికిస్తూ మణికట్టు పట్టుకుంది.

"ఏటే, వదులు."

"ఉండు నాన్నా."

ఎనిమిది కొట్టుకుని ఆగింది. గోడా అక్కడే ఆగింది.

"ఆ గోడ నాది కాదు నాన్నా. అది నువ్వు."

త్రినాథరావు నవ్వబోయేడు. నవ్వు రాలేదు. "మెట్లెక్కితే ఆయాసమొస్తంది, ఓ నెల్నించి" అన్నాడు మెల్లిగా. మామ్మ లేచి కూచుంది. నూకాలమ్మ మొగుడు వాసుదేవరావు స్కూటరు తీసేడు. అరగంటలో ప్లాంటు ఆసుపత్రిలో ఉన్నారు.

డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. మంచమెక్కించి, ఛాతీకి తీగలు తగిలించి, "ఇంకో వారం ఆగితే చెయ్యి దాటిపోయేది. కిస్నే పకడా, ఎవరు కనిపెట్టారు?" అని అడిగేడు. వాసుదేవరావు భాగ్యరేఖని చూపించేడు. "గోడని చూసి పట్టుకుంది సాబ్." డాక్టరు తలూపి మందులు రాసేడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి భాగ్యరేఖ మంచం పక్కన స్టూలు మీద కూచుని ఉంది. దరఖాస్తు సంగతి ఎత్తలేదు. తండ్రే ఎత్తేడు.

"కాయితం తెచ్చేవా?"

"సంచీలో ఉంది. ఇప్పుడెందుకు నాన్నా?"

"ఇయ్యి." చేతిలోకి తీసుకుని మడత విప్పేడు. "ఈ భయం దుర్గ్‌లో బండి దిగిన రోజు మొదలైందే. పద్దెనిమిదేళ్ళోణ్ణి. బాస రాదు, సదువు సగం. మీ అమ్మ పోయినప్పుడు నిన్నెలా పెంచుతానో అనుకున్నాను. ఎవడికీ సెప్పలేదు. సెప్పితే నువ్వు బెదిరిపోతావని. ఆకరికి అందరూ ఆ పిరికితనం నీ నెత్తిన కట్టేరు. నేనూ ఊరుకున్నాను."

"నాకూ భయమే నాన్నా. నిన్న నాది నూట పదహారు కొట్టుకుంది."

"అంత భయంలో కూడా లెక్క తప్పలేదు కదే" అన్నాడు.

సంతకం పెట్టేడు. పడుకునే పెట్టడంతో అక్షరాలు వంకరపోయేయి.

పన్నెండూ పదికి కాలేజీ గుమస్తా దరఖాస్తు అటూ ఇటూ తిప్పేడు. "సోచ్ లే బేటీ. ఏక్ బార్ కట్ గయా తో ఇస్ సాల్ వాపస్ నహీ హోగా." ఒకసారి పేరు కొట్టేస్తే ఈ ఏడు మళ్ళీ చేర్చుకోరట. "కాట్ దీజియే" అంది భాగ్యరేఖ, కొట్టెయ్యమని. ముద్ర పడిన చప్పుడికి ఉలిక్కిపడింది. తిరుగు బస్సులో ఆ కాయితాన్ని జాకెట్లో దాచుకుని కూచుంది. ఇప్పుడామె ఏ కాలేజీ పిల్లా కాదు.

బుధవారం త్రినాథరావు ఇంటికొచ్చేడు. గురువారం వాసుదేవరావు తోడుగా భాగ్యరేఖ భోపాల్ బండెక్కింది. శుక్రవారం హాలు బయట బెంచీ మీద పొద్దున్నించీ కూచుంది. ఏడో నంబరు పిలిచేరు. తొమ్మిది పిలిచేరు. మూడున్నరకి పదో నంబరు పిలిచి తలుపేసేశారు.

నాలుగున్నరకి తలుపు తెరుచుకుంది. పదకొండు అని పిలిచేరు.

లోపల బల్ల దగ్గర పెద్దమనిషి టీసీ చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఆఖరి సీటమ్మా ఇది. రాకపోయుంటే ఏం చేసేదానివి?" అని హిందీలో అడిగేడు.

"భయపడేదాన్ని సార్" అంది.

ఎస్టీడీ బూత్‌లోంచి నూకాలమ్మ ఇంటికి ఫోను చేసింది. నూకాలమ్మ కేకేస్తే త్రినాథరావు మెల్లిగా నడిచొచ్చేడు.

"నాన్నా—"

"ఉండు. ముందు నువ్విను" అన్నాడు. రిసీవరు గోడకి ఆనించేడు.

బూత్‌లో మీటరు అంకెలు పరిగెడుతున్నాయి. భాగ్యరేఖ ఒక చెవి మూసుకుని లెక్కపెట్టింది. ఆరు. ఏడు. ఎనిమిది. రిసీవరు చెవికి ఇంకా నొక్కుకుంది.

తొమ్మిది.

"వచ్చింది నాన్నా" అంది ఏడుస్తూ.

"ఏది, చప్పుడా, సీటా?"

"రెండూ."

అవతల నూకాలమ్మ చెంచాలన్నీ ఒకేసారి కింద పడ్డాయి. "ఇంకా ఏటి భయమయ్యా నీకు?" అని ఆవిడ కేకలెయ్యడం ఫోనులో వినిపించింది. గోడకవతల మంచం మీంచి గున్నమ్మ జవాబు చెప్పింది.

"భయం కాదే. కొట్టుకోనీ."