మంచం మీది కడ్డీ

అన్నయ్యకు నడుము కిందంతా చచ్చుబడిపోయింది. మంచం పైన ఒక కడ్డీ ఉంటే అది పట్టుకుని ఒళ్ళు లేపుతాడు, వదిన ఒక్కతే దుప్పటి మార్చుకోగలదు. కడ్డీ నా ఇనప సామాన్ల కొట్లోనే ఉంది. దాన్ని గోడకు పట్టి ఉంచే బ్రాకెట్లకు మందపాటి ప్లేటు వంచాలి. ప్రెస్సు మిషను ఉన్న షెడ్డువాడు, రెండు ముక్కలకైనా పది ముక్కల కూలి ఇస్తేనే వంచుతానన్నాడు.

"వైసులో బిగించి సుత్తితో బాదరా. ఎన్నాళ్ళు వాడతానని?" అన్నాడు అన్నయ్య.

ఖర్చు లేని దారి కదా, అలాగే చేశాను. మూల చక్కగా తిరిగింది కాని, వంపు బయటివైపు వెంట్రుకంత పగులు వచ్చింది. కొట్లో అయితే రంగు పూసి అమ్మేసేవాణ్ణి. ఆ సంగతి తెలిసిన అన్నయ్య వంపు మీద గోరు పెట్టి గీశాడు. గోరు పగులు దగ్గర ఆగింది.

"నాకూ రంగేనా, షావుకారూ?"

మర్నాడు కొత్త ముక్కలు కమ్మరి దగ్గరికి పట్టుకెళ్ళాను. అతను వాటిని కొలిమిలో ఎర్రగా కాల్చి, గొట్టం చుట్టూ గుండ్రంగా వంచాడు. బొగ్గూ కూలీ కలిపినా ప్రెస్సు కంటే చవకే. పగులు లేదు.

సాయంత్రం గోడకు బిగించాను. అన్నయ్య కడ్డీ పట్టుకుని పళ్ళ బిగువున ఒళ్ళు లేపాడు. కింది నుంచి తడి దుప్పటి లాగుతూ వదిన మొహం పక్కకు తిప్పుకుంది.

"ఇది నాకంటే ఎక్కువ కాలం ఉంటుందిరా. తర్వాత విప్పి అమ్ముకో. రంగు కూడా అక్కర్లేదు," అన్నాడు.

బిగిసే ఉన్న బోల్టును మళ్ళీ బిగించాను.