ఎడమచేతి చూపుడువేలు

ఎడమ చంకలో తొమ్మిది నెలల హర్షను ఎత్తుకుని, ఆ చేతి చూపుడువేలు వాడి నోటికిచ్చి, కుడిచేత్తో గోబీకి పిండి కలుపుతున్నాడు తేజ. పళ్ళు వచ్చే ఈడు. రబ్బరు బొమ్మ కొనిస్తే విసిరికొట్టాడు గానీ, నాన్న వేలు మాత్రం చిగుళ్ళతో కసిగా నములుతాడు. నీళ్ళబిందెకు ఆనించిన ఫోనులో పోలింగు వార్తలు వస్తున్నాయి.

"ఆపప్పా ఆ గోల," సుంకమ్మ జడ వేసుకుంటూ అంది. "ఓటుండేది నాకు. నాకు లేని తిప్పలు నీకేల?"

"ఈతూరి గట్టి పోటీ ఉండాదే సుంకీ. నీకేం తెలుసు!"

పద్దెనిమిదేళ్ళ వయసులో నేపాల్ కొండల నుంచి బెంగుళూరు హోటలుకు, అక్కణ్ణుంచి కళ్యాణదుర్గానికి వచ్చినవాడు తేజ. బస్టాండు ముందు నూడుల్స్ బండి పెట్టుకున్నాడు. బట్టలుతికే ఓబన్న కూతురు సుంకమ్మను చేసుకున్నాడు. ఏ నాయకుడు ఏ పార్టీ నుంచి ఎందులోకి దూకాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పుట్టిన దేశంలో ఇప్పటి ప్రధాని ఎవరంటే మాత్రం కాస్త ఆలోచించాలి.

బస్టాండు ముందు బండ్లన్నీ ఎత్తేస్తారట. వెనక కడుతున్న షెడ్లు ఎవరికన్నది వార్డు నాయకుడు కుళ్ళాయప్ప చేతిలో ఉంది. నిన్న టీ అంగడి దగ్గర ఆయన తేల్చి చెప్పాడు.

"రేప్పొద్దుగూకేటప్పుడు ఏలు మింద సిరా చూపించినోళ్ళకే షెడ్డు. నువ్వేం చూపిస్తావప్పా బహద్దూరూ? గూర్ఖా విజిలా?"

అందరూ నవ్వారు. తేజ కూడా నవ్వాడు.

సుంకమ్మ పుట్టింటివాళ్ళతో కలిసి ఓటుకు వెళ్ళింది. తేజ నిద్రపోయిన పిల్లవాణ్ణి చీర ఉయ్యాలలో పడుకోబెట్టాడు. ఉయ్యాల తాడుకు, దిష్టి తగలకుండా అత్త బయమ్మ కట్టిన నల్లజీడి గింజ వేలాడుతోంది. అలాంటి గింజకే సూది గుచ్చి, ఆ రసంతో మామ ఊరి బట్టలకు గుర్తులు పెడతాడు. ఎన్ని ఉతుకులకూ పోని నలుపు. ఒంటికి తగిలితే పొక్కిపోతుందని మామ ఎన్నోసార్లు చెప్పాడు. పొక్కితే పొక్కనీ, పొయ్యి ముందు బతికేవాడికి కాలడం కొత్తా అనుకున్నాడు తేజ.

గింజకు సూది గుచ్చాడు. ఊరిన రసంతో ఎడమ చూపుడువేలి గోటి మీంచి చర్మం దాకా గీత గీసుకున్నాడు. చురుక్కుమంది. గుడ్డతో అద్దాడు. వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అచ్చం సిరాలాగే ఉంది.

కాసేపటికి హర్ష లేచి ఏడుపందుకున్నాడు. అప్పుడే ఫోనులో పోలింగు శాతాలు చెబుతున్నారు. తెర మీంచి చూపు తిప్పకుండానే తేజ పిల్లవాణ్ణి చంకనేసుకున్నాడు. వాడు అలవాటుగా ఆ వేలు వెతుక్కుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్యాణదుర్గం అంకె వచ్చింది. తేజ ఈలవేశాడు.

పిల్లవాడు గుక్కపట్టాకగానీ అతనికి గుర్తురాలేదు.

వేలు లాగేశాడు. నీళ్ళతో నోరు కడిగాడు. చిగుళ్ళకు కొబ్బరినూనె రాశాడు. ఏడ్చి ఏడ్చి వాడు సొమ్మసిల్లి నిద్రపోయాడు. సుంకమ్మ వచ్చాక, పళ్ళ నొప్పితో ఏడ్చాడని చెప్పాడు.

పొద్దు వాలుతుండగా కుళ్ళాయప్ప కారు వీధిలోకొచ్చింది. తేజ గుమ్మంలో నిలబడి వేలెత్తాడు.

"ఓరి నీ పాసుగూలా! ఎప్పుడు రాయించుకుంటివప్పా పేరు? ఇంగ నువ్వు మావోడివే తేజా. మొదటి షెడ్డు నీదే, పో!"

ఇన్నేళ్ళలో ఆయన నోట తన పేరు వినడం అదే మొదటిసారి. ఆ సంతోషం గుండెలో పూర్తిగా నిండకముందే లోపలినుంచి సుంకమ్మ కేక వినబడింది. హర్ష పెదవులు వాచిపోయాయి. నాలుక నోట్లో పట్టడం లేదు.

కుళ్ళాయప్ప తన కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

"నోట్లోకి ఏం పోయింది? చెబితేనే మందు తెలిసేది," అన్నాడు డాక్టరు.

"ఏమీ లేదు సార్. పండ్లు వస్తాండాయి," సుంకమ్మ అంది.

తేజ నోరు తెరిచాడు. భుజం మీద కుళ్ళాయప్ప చెయ్యి పడింది.

"బయపడాకు తేజా. మనోడివి. నేనుండా గదా."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"ఏమో సార్. తెలీదు," అన్నాడు తేజ.

అనంతపురం తీసుకుపొమ్మన్నారు. బీడుపడిన చేల మధ్య రోడ్డు మీద, సుంకమ్మ ఒడిలో గురగురమంటున్న ఊపిరి ఆగిపోయింది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో కారు ఇంకొంత దూరం అలాగే పోయింది.

దినాలు కాకముందే షెడ్డు తాళంచెవి వచ్చింది. మాట నిలబెట్టుకునే మనిషి కుళ్ళాయప్ప. పొక్కి చీము పట్టిన వేలికి గుడ్డ చుట్టుకుని తేజ బండిని షెడ్డులోకి తోసుకుపోయాడు. షెడ్ల దగ్గర అందరూ తేజా అనే పిలిచారు.

ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. సుంకమ్మ బట్టల పెట్టె లేదు. ఉయ్యాల చీర విప్పుకుని పోయింది. తాడు మాత్రం దూలానికి అలాగే వేలాడుతోంది. తాడుకు నల్లజీడి గింజ. గింజలో, అతను తీయడం మరిచిన సూది.